నిలబెడితే ఊరుకోని బండి

అమ్మన్న ఆ బండి కొన్నది తల్లి మోకాళ్ళ కోసమని అందరికీ చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. మంగాయమ్మ స్కూటరెక్కడం మానేసి చాలా కాలమైంది. ఆటోలో బుధవారీ బజారు దాకా వెళ్ళొస్తే మర్నాడంతా నడుం పట్టుకుని పడుకునేది. అయితే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మోకాళ్ళ నొప్పులున్న తల్లులు చాలామందే ఉన్నారు. వాళ్ళ కొడుకులెవరూ అంత బండి కొనలేదు.

నల్లటి విదేశీ బండి. కోర్బాలో బొగ్గు లారీలు తిప్పే కాంట్రాక్టరొకడు దాన్ని ఏళ్ళ తరబడి వాడి, కొత్తది తీసుకుని, దీన్ని రాయ్‌పూర్‌లో పాత కార్లమ్మే షోరూమ్‌కి ఇచ్చేశాడు. కొత్తలో దాని ఖరీదుకి బిలాస్‌పూర్ తెలిపారా పేటలో చిన్న మేడ వచ్చేది. ఇప్పుడు అడుగుతున్నది కొత్త చిన్న కారు ధర. అదే అమ్మన్నను పట్టేసింది. అయినా ఏదో తటపటాయింపు. అప్పుడు షోరూమ్ మనిషి లోపల ఒక బటన్ నొక్కాడు. బండి బుస్సుమని గాలి వదిలి, ఏనుగు వంగినట్టు నెమ్మదిగా నేలకి దిగింది.

"పెద్దవాళ్ళు ఎక్కాలంటే ఇలా నొక్కండి. గతుకుల రోడ్డొస్తే ఇటు నొక్కండి, పైకి లేస్తుంది" అన్నాడతను.

అమ్మన్న అక్కడే సంతకం పెట్టేశాడు.

అతను లోకో పైలట్. తాత టెక్కలి దగ్గర పల్లెనుంచి బొగ్గింజన్ల కాలంలో ఫైర్‌మన్‌గా వచ్చాడు. తండ్రి డ్రైవరై రిటైరయ్యాడు. అమ్మన్న కట్నీ లైనులో పాసింజర్ రైళ్ళు నడుపుతాడు. డ్యూటీకెళితే ఒక్కోసారి రెండో రోజు గానీ ఇల్లు చేరడు. భార్య ఉషారాణి స్వయానా మేనమామ కూతురు, పలాస పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తలో హిందీ ముక్క రాక సదర్ బజారులో వేలు చూపించి కొనుక్కున్న మనిషి, ఇప్పుడు కాలనీ పిల్లలకి హిందీలోనే లెక్కలు చెబుతుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు జ్యోతిర్మయి, భిలాయిలో ఉద్యోగం.

బండి ఫోటో చూసి జ్యోతిర్మయి వెంటనే ఫోన్ చేసింది. "పాపా, ఏక్ బార్ పూఛ్ తో లేతే, నన్నొక్కసారి అడగొచ్చుగా. బండి పాతదే కానీ పార్టుల ధర కొత్తదేగా. దాన్ని కొనడం ఈజీ, రఖనా ముష్కిల్, ఉంచుకోవడమే కష్టం."

"నానమ్మ కోసం తల్లీ" అన్నాడు అమ్మన్న.

"నానమ్మ అడిగిందా?"

అడగలేదు. అడగకపోయినా, క్వార్టర్ ముందు బండి ఆగినప్పుడు మంగాయమ్మ గుమ్మంలోకొచ్చి నోటిమీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మా, ఇదేటిరా మేడలాగుంది? నానెలాగెక్కుతాను?"

అమ్మన్న బటన్ నొక్కాడు. బండి కిందికి దిగింది. మంగాయమ్మ ఒక అడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకొచ్చి, డోరు పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి కూర్చుంది. ఉషారాణికి బండి మీద కాస్తో కూస్తో ఇష్టం కలిగింది ఆ క్షణంలోనే. అత్త ఏ బండయినా నవ్వుతూ ఎక్కడం ఆమె చూసి చాలా ఏళ్ళైంది.

మొదటి నెలలు బాగా గడిచాయి. రతన్‌పూర్ వెళ్ళి మహామాయ అమ్మవారి దర్శనం చేసుకున్నారు. సాయంత్రం పూట అర్పా నది వంతెన మీంచి అవతలి ఒడ్డు దాకా వెళ్ళి వచ్చేవారు. గోల్ బజారు సందుల్లోకి మాత్రం అది పట్టేది కాదు. ఎక్కడో దూరంగా ఆపి నడవాల్సి వచ్చేది. నడవలేని మంగాయమ్మ లోపలే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, వేరుశనగకాయలు తింటూ ఉండేది.

ఆ తర్వాత బండి తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

మొదటి సర్వీసుకి రాయ్‌పూర్ తీసుకెళితే, ఆయిలూ ఫిల్టర్లూ మార్చినందుకు అయిన ఖర్చు వాళ్ళింట్లో నెల సరుకులకి మించిపోయింది. టైర్లు అరిగాయన్నారు. ఆ సైజు టైర్లు బిలాస్‌పూర్‌లో దొరకవు, నాగ్‌పూర్‌నుంచి తెప్పించాలి, నాలుగూ ఒకేసారి మార్చాలి. ఇన్సూరెన్సు రెన్యువల్ వచ్చింది. ముందు పలక మీద పసుపు దీపమొకటి వెలిగి ఆరడం మానేసింది. అది ఏమిటో కనుక్కోవడానికే ఒక బిల్లు, కనుక్కున్నాక బాగు చేయడానికి ఇంకో బిల్లు. పాత స్కూటరుకి తెలిపారాలో సాహు గ్యారేజీకి వెళ్ళేవాడు అమ్మన్న. దీన్నీ అక్కడికే తీసుకెళ్ళాడు. సాహు చుట్టూ తిరిగి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"నేను చేయగలిగింది చేస్తాను డ్రైవర్ సాబ్. కానీ ఒక మాట. దీన్ని మొదట కొన్నవాడి జీతం వేరు, మన జీతం వేరు. బండికి ఆ సంగతి తెలీదు. దానికి కావలసింది అది అడుగుతూనే ఉంటుంది."

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి కదా అని ఉస్లాపూర్ వైపు ఇల్లు కట్టుకుంటున్నారు వాళ్ళు. గోడలు లేచాయి, శ్లాబు పడింది. ప్లాస్టరింగు ఆగింది. కిటికీ ఖాళీల్లో ప్లాస్టిక్ పట్టాలు కట్టారు. ఆ ఏడు చుట్టాల పెళ్ళికి పలాస వెళ్ళలేదు. డ్యూటీలో సెలవు దొరకలేదని ఫోనులో చెప్పాడు అమ్మన్న. పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న ఉషారాణి తలెత్తలేదు. ఆమె ఏమీ అనకపోవడమే అతనికి కష్టంగా ఉండేది. ఏమన్నా అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. అనని మనిషి ముందు ఏం చేయాలో తోచక, స్కూటరు వేసుకుని స్టేషన్లో డ్రైవర్లు డ్యూటీకి హాజరు వేసుకునే లాబీకి ముందుగానే వెళ్ళిపోయి, డ్యూటీ బుక్ అయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు.

ఎండాకాలం వచ్చింది. కట్నీనుంచి తిరిగొచ్చిన ఒక ఉదయం అమ్మన్న స్టార్ట్ బటన్ నొక్కితే బండి చప్పుడు చేయలేదు. బ్యాటరీ దిగిపోయింది. సాహు వచ్చి వైర్లు తగిలించి లేపాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది.

"ఆపేసినా ఇది నిద్రపోదు సాబ్" అన్నాడు సాహు. "లోపల ఏవో కంప్యూటర్లు తిరుగుతూనే ఉంటాయి. నిలబెడితే ఊరుకోదు. మీరు లైను మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరైనా స్టార్ట్ చేస్తూ ఉండాలి. కొత్త బ్యాటరీ వేస్తారా, అదీ చెబుతాను, కానీ దాని ధర వినే ముందు కూర్చోండి."

కూర్చోలేదు కానీ అమ్మన్న ఆ ధర విన్నాడు. ఇంటికొచ్చి ఉషారాణికి తాళం ఇచ్చి, ఏ బటన్ నొక్కాలో చూపించాడు. "కాసేపు ఇంజన్ తిరగనీ, చాలు. గేరు ముట్టుకోకు."

అలా మొదలైంది. మధ్యాహ్నం వంట పనయ్యాక ఉషారాణి తాళం తీసుకుని బయటికి వచ్చేది. ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసుకుని కూర్చునేది. ఒకరోజు వెనక్కి తిరిగి చూసేసరికి మంగాయమ్మ చేటలో చిక్కుడుకాయలు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంట్లో కూలరు ఉడకబెట్టేస్తున్నాదే గుంటా. బండి ఒంచు, నానూ వొచ్చీస్తాను."

బయట బిలాస్‌పూర్ ఎండ నిప్పులు చెరుగుతుంటే, అత్తాకోడళ్ళిద్దరూ కదలని కారులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచారు. ఆ తర్వాత అది అలవాటైంది. ఇంట్లో ఉంటే ఇద్దరికీ ఎప్పుడూ ఏదో ఒక పని. ఒకరు వంటింట్లో, ఒకరు వరండాలో. మేనత్తే అయినా, ఊరికే పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నది ఎన్నడూ లేదు. మంగాయమ్మ తన పెళ్ళి సంగతులు చెప్పింది. బొగ్గింజను మసితో ఇంటికొచ్చే తన మామగారి బట్టలు ఎలా ఉతికేదో చెప్పింది. ఒకసారి ఉన్నట్టుండి అడిగింది.

"ఏటే, నీ మొగుడు ఇంత పని చేస్తే ఒక్క మాటయినా అనవేటి?"

ఉషారాణి అద్దాలన్నీ మూసి ఉన్నాయో లేదో చూసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది. కిటికీలు లేని ఇల్లు, వెళ్ళని పెళ్ళి, నాగ్‌పూర్ టైర్లు, తనతో ఒక్క మాటైనా చెప్పకుండా రాయ్‌పూర్ వెళ్ళి సంతకం పెట్టి రావడం, అన్నీ ఒక్కొక్కటే తీసింది. మంగాయమ్మ మధ్యలో అడ్డుపడలేదు సరికదా, కోడలు మర్చిపోయినవి తనే అందించింది. చివరికి ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంజన్ ఆపి లోపలికి వచ్చేసరికి ఉషారాణి గుండె తేలికైపోయింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భర్తకి ఎప్పటిలా అన్నం పెట్టింది.

వానలు ఇంకా పడకముందే సాహు మరో మాట చెప్పాడు. "ఇంజన్ ఒక్కటే తిరిగితే లాభం లేదు దీదీ. చక్రం కదలాలి. లేకపోతే టైర్లు ఒకే చోట అణిగిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి."

"పక్క క్వార్టర్ ఆయన్ని అడుగుతాను" అన్నాడు అమ్మన్న.

"ప్రతిసారీ ఆయన్ని అడుగుతామేటి? నేను నేర్చుకుంటాను బావా" అంది ఉషారాణి.

అమ్మన్న ఆమె వైపు చూశాడు. నలభై దాటిన మనిషి. సైకిల్ కూడా ఎక్కలేదు. కాదనడానికి నోరు తెరిచాడు కానీ, ఈ బండి విషయంలో కాదనే హక్కు తనకి ఎంతుందో గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే గ్రౌండుకి తీసుకెళ్ళేవాడు. నేర్పడం అతనికి తెలిసింది ఒక్కటే పద్ధతి. "ఇంజన్లో నేనూ నా అసిస్టెంటూ సిగ్నల్ కనబడగానే పైకి చెప్పుకుంటాం. కన్ను చూసిందాన్ని నోటితో అనాలి. అన్నాక చెయ్యి దానంతటదే ఆ పని చేస్తుంది. నువ్వూ అలాగే చెప్పు."

"ఎదురుగా ఆవు. ఆగుతున్నాను" అని చెప్పేది ఉషారాణి. "కుడిపక్క సైకిల్. స్లో చేస్తున్నాను." వెనక కూర్చున్న మంగాయమ్మ తను చూసినవి కూడా చెప్పేది, వాటిలో సగం రోడ్డుకి సంబంధించినవి కావు.

ఒకసారి గేటు స్తంభానికి తగిలించి పక్క అద్దం విరగ్గొట్టింది. విదేశీ బండి అద్దం అంటే అదో పెద్ద యంత్రం, లోపల మోటారూ, కెమెరా. సాహు ఫోనులో ధర చెబుతుంటే ఆమె ముఖం పాలిపోయింది. అమ్మన్న మాత్రం స్టీరింగు ముందునుంచి ఆమెని లేవనివ్వలేదు. "అద్దం పోతే అద్దమొస్తాది. రివర్స్ మళ్ళీ చెయ్యి" అన్నాడు. ఆ మాట ఆమె మర్చిపోలేదు. లైసెన్సు పరీక్షకి డ్రైవింగ్ స్కూలు వాళ్ళ చిన్న కారు ఇచ్చారు. అది ఆమె చేతికి బొమ్మలా అనిపించింది. మొదటిసారికే పాసయింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు తెల్లారేసరికి బండి ముందు కుడిపక్క కుంగిపోయి ఉంది. సాయంత్రానికి నాలుగు పక్కలా దిగిపోయి నేలకి కరుచుకుంది. బటన్ ఎంత నొక్కినా లేవలేదు. బండిని కిందనుంచి ఎత్తిపట్టే గాలి తిత్తులు చిరిగాయని, కంప్రెసర్ కాలిపోయిందని సాహు తేల్చాడు. అతను చెప్పిన మొత్తం ఇంటి కిటికీల కోసం దాచిందంతా. దానిమీద ఇంకొంచెం కూడా.

అమ్మన్న ఆ సాయంత్రం ఉస్లాపూర్ ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు. ఎంతసేపటికీ రాకపోతే ఉషారాణి ఆటో చేసుకుని వెళ్ళింది. కిటికీలకి కట్టిన పట్టాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. అతను ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మేద్దాం" అన్నాడు. "ఎవడు ఎంతిస్తే అంతకి."

"పడుకున్న బండిని ఎవరు కొంటారు? అమ్మాలన్నా ముందు లేచి నిలబడాలి కదా. చేయించీ బావా. కిటికీలు ఎక్కడికీ పోవు."

చేయించారు. బండి మళ్ళీ లేచింది. అది జరిగిన నెలలోపే కట్నీ లైనులోని పెండ్రా రోడ్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది.

ఫోన్ చేసినవాడు సింహాచలం, అమ్మన్న దగ్గర అసిస్టెంట్ పైలట్. అప్పటికి మూడు రోజులుగా ముసురు. "వదినా, కంగారు పడకు. అన్న బాగానే ఉన్నాడు. రైలుని స్టేషన్లో సరిగ్గా నిలబెట్టీసినాక, సీట్లోంచి లేవబోతే నడుం పట్టేసింది. కాలు కదపలేకపోతున్నాడు. ఇక్కడి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చినాడు. డిస్క్ జారినట్టుంది, పడుకోబెట్టి బిలాస్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటున్నాడు. కానీ ఘాట్‌లో పట్టాల మీద మట్టి జారింది. బళ్ళన్నీ ఆగిపోనాయి. ఎప్పుడు క్లియరవుతాదో తెలీదు. ఇక్కడి అంబులెన్స్ ఇంకో కేసు మీద వెళ్ళింది."

"రోడ్డు తెరిచే ఉందా?" అని అడిగింది ఉషారాణి.

"రోడ్డు ఉంది. ఎవరినైనా పంపుతావా వదినా?"

"నేనే వస్తున్నాను."

ఫోన్ పెట్టేశాక గానీ ఆమెకి తను అన్న మాట అర్థం కాలేదు. ఒంటరిగా రతన్‌పూర్ దాటి ఎప్పుడూ నడపలేదు. వెనక సీట్లు మడిచి పరుపు వేసింది, దుప్పట్లు పెట్టింది. ముందు సీట్లో అప్పటికే మంగాయమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో పులిహోర డబ్బా.

"నువ్వెందుకత్తా, ఈ వానలో?"

"నా కొడుకు కాడేటి? పోనీ."

రతన్‌పూర్ దాకా బాగానే ఉంది. కేందా ఊరు దగ్గరపడుతుండగా వాన చిక్కబడింది. అడవి రెండు పక్కలా రోడ్డు మీదికి వంగి వచ్చింది. ఉషారాణి చూసిందల్లా పైకి చెబుతూ నడిపింది. ఎదురుగా బస్సు. ఎడమకి తీస్తున్నాను. మలుపు. హారన్ కొడుతున్నాను. మంగాయమ్మ ఈసారి అనవసరపు మాట ఒక్కటీ అనలేదు.

ఒకచోట లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ముందు చిన్న కల్వర్టు మీంచి ఎర్రనీళ్ళు పారుతున్నాయి. ఉషారాణి ఇంజన్ ఆపి కూర్చుంది. నీళ్ళు తగ్గేదాకా కదలకూడదని ఆమెకి తెలుసు. చాలాసేపటికి వాన పలచబడింది. ఒక లారీ డ్రైవరు గొడుగేసుకుని వచ్చి అద్దం మీద తట్టాడు. నడివయసు మనిషి, అక్కడి ఛత్తీస్‌గఢీ యాస.

"ఎక్కడికి బహిన్‌జీ?"

చెప్పింది. అతను బండి వైపు ఒకసారి చూశాడు. "నీళ్ళు దిగుతున్నాయి. ఇది ఎత్తు లేస్తుందా?" లేస్తుందంది. "అచ్ఛా. ఇంకాసేపాగి, నేను ముందు నడుస్తాను. నా అడుగు పడ్డచోటే నీ చక్రం పడాలి."

నీళ్ళు చీలమండల దాకా దిగాక, అతను ప్యాంటు పైకి మడిచి, గొడుగు మూసి కర్రలా నేలకి తాటిస్తూ ముందు నడిచాడు. ఉషారాణి బటన్ నొక్కింది. బండి లేచింది. అతని వీపు మీదే చూపు నిలిపి, మనిషి నడకంత నెమ్మదిగా దాటింది. అవతలికి చేరాక అద్దం దింపి నమస్కారం పెట్టేలోపే అతను వెనక్కి తిరిగి తన లారీ వైపు నడుస్తున్నాడు. పేరడగలేదే అని ఆమె తర్వాత ఎన్నోసార్లు బాధపడింది. ఇప్పటికీ పూజలో అందరి పేర్లూ చెప్పుకున్నాక, "ఆ లారీ ఆయన" అని ఒక మాట కలుపుతుంది.

పెండ్రా రోడ్‌లో డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూమ్ ముందు సింహాచలం నిలబడి ఉన్నాడు. నల్లబండి ఆగి, వదిన డ్రైవరు సీట్లోంచి దిగడం చూసి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాడు. నలుగురు కలిసి అమ్మన్నని బల్లతో సహా మోసుకొచ్చారు. ఉషారాణి బండి కిందికి దింపింది. పెద్దగా ఎత్తే పనిలేకుండా పరుపు మీదికి జరిపారు. స్టేషన్ వాళ్ళు ఫ్లాస్కులో టీ పోసిచ్చారు.

అమ్మన్నకి ఆ ప్రయాణమంతా కనబడ్డవి బండి పైకప్పు, అద్దంలోంచి తడిసిన సాల్ చెట్ల కొమ్మలు, భార్య జడ. గతుకు వస్తే ముందే చెప్పేది. "బావా, గుంత. పట్టుకో." అయినా అతనికి గతుకు పెద్దగా తెలియలేదు. ఆ తిత్తులు తమ మీద పెట్టిన ఖర్చంతా ఆ దారిలోనే తీర్చేసినట్టు బండి మెత్తగా సాగింది. కల్వర్టు దగ్గర నీళ్ళు పూర్తిగా దిగిపోయాయి.

"ఘాట్‌లో గేరు తగ్గించు" అన్నాడు పడుకునే.

"తగ్గించేసినాను. నువ్వు మాట్లాడకు. ఇవాళ డ్యూటీ నాది."

మంగాయమ్మ వెనక్కి చెయ్యి చాపి కొడుకు నెత్తి మీద పెట్టింది. ఘాట్ దిగేదాకా తీయలేదు. వెలుతురు ఉండగానే బిలాస్‌పూర్ చేరారు. ఆసుపత్రిలో స్కాన్ తీసి, ఆపరేషన్ అక్కర్లేదు, పడక మీద విశ్రాంతి చాలన్నారు. కుదుపుల్లో తెచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదని కూడా డాక్టరు అన్నాడు.

ఆ విశ్రాంతి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఉషారాణి అతని నడుముకి కాపడం పెడుతుంటే అమ్మన్న గోడవైపు చూస్తూ అడిగాడు.

"బండి కొన్నప్పటినుంచి నువ్వు నన్ను ఒక్కసారైనా తిట్టలేదేటి?"

"తిట్టినాను."

"ఎప్పుడు?"

"ఎండాకాలమంతా. బండిలో కూకుని, అద్దాలు మూసీసి. మీ అమ్మ కూడా తిట్టింది. నాకంటే ఎక్కువ."

అమ్మన్న నవ్వబోయాడు. నడుం కలుక్కుమంది. నవ్వు ఆపుకోవడానికి దిండు కొరుక్కున్నాడు. ఉషారాణి గుడ్డ మళ్ళీ వేడిచేసుకుని వచ్చేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ రోజు సింహాచలం ఫోన్ చేస్తానంటే వద్దన్నాను తెలుసా. ఎవర్ని పంపగలవు నువ్వు, ఊరికే భయపడతావు అనుకున్నాను. నువ్వే వస్తావని నా బుర్రకి తట్టలేదు ఉషా. నేర్పింది నేనే, నాకే తట్టలేదు."

"నాకూ తట్టలేదు బావా. నోట్లోంచి మాట వచ్చేసింది. అన్నాక చెయ్యి దానంతటదే ఆ పని చేసింది."

చలికాలంలో బండి గేరుబాక్సు జర్కులివ్వడం మొదలైంది. ఈసారి సాహు బానెట్ మూసేసి, ఉషారాణితోనే మాట్లాడాడు. "చాలు దీదీ. దీని మీద ఇక ఒక్క రూపాయి పెట్టించుకోవడానికి నాకు మనసొప్పదు. పెండ్రా నుంచి సాబ్‌ని తెచ్చింది. ఇక పోనివ్వండి." పాత విదేశీ బండ్లు కొని పార్టులు విడదీసి అమ్మే నాగ్‌పూర్ మనిషినొకణ్ణి అతనే పిలిపించాడు. ఆ మనిషి ముందు ఉషారాణి బండి లోపాలన్నీ దాచకుండా చెప్పింది. బాగున్నవీ చెప్పింది. అతను ఇచ్చిన ధర కొన్నదానిలో నాలుగో వంతు కూడా లేదు. అమ్మన్న బేరమాడలేదు.

బండి వెళ్ళే రోజు మంగాయమ్మ పసుపూ కుంకుమా తెచ్చి బానెట్ మీద బొట్టు పెట్టింది. నాగ్‌పూర్ మనిషి ఆశ్చర్యంగా చూశాడు. విప్పి ముక్కలు చేయబోయే బండికి బొట్టెందుకో అతనికి అర్థమై ఉండదు. ఉషారాణి తాళం అతని చేతిలో పెట్టి, ఒక క్షణం డోరు మీద అరచెయ్యి ఆనించింది. ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి వెళ్ళిపోతున్న పెద్దమనిషికి గుమ్మం దాకా వచ్చి చెప్పే కృతజ్ఞత లాంటిదేదో కలిగింది. అది తమ దగ్గర చాలా తీసుకుంది. ఏమీ ఇవ్వకుండా మాత్రం పోలేదు.

డాక్టరు అమ్మన్నని కొన్నాళ్ళపాటు ఇంజనెక్కవద్దన్నాడు. లాబీలో కుర్చీ డ్యూటీ వేశారు. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావడం అతనికి మొదట్లో వింతగా ఉండేది. ఉస్లాపూర్ ఇంటికి ఒక్కో జీతానికీ ఒక్కో కిటికీ ఎక్కింది. కాలనీలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఉషారాణిని కారు నేర్పమని అడిగారు. కారెక్కడిదని ఆమె నవ్వితే, తమ ఇంట్లో ఉందని, నడిపేవాళ్ళే ఎప్పుడూ డ్యూటీలో ఉంటారని అన్నారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్న గ్రౌండులో ఆమె గొంతు వినబడుతుంది.

ఫిబ్రవరిలో, మంగాయమ్మ అమర్‌కంటక్‌లో నర్మదమ్మ పుట్టినచోటు చూడాలంది. ఒక్కరోజుకి చిన్న కారు అద్దెకి తీసుకున్నారు. మంగాయమ్మ ఎక్కడానికి అది ఎత్తుగానూ లేదు, కిందికీ లేదు. వెనక సీటంతా ఆమెదే. ఉషారాణి నడిపింది. అడవి దారిలో మోదుగపూలు ఎర్రగా పూశాయి. వాటి గురించి ఏదో చెబుదామని ఆమె పక్కకి తిరిగింది.

అమ్మన్న తల అద్దానికి ఆనించి నిద్రపోతున్నాడు. ఉద్యోగమంతా కదిలే బండిలో రెప్ప వాల్చకూడని మనిషి. బస్సెక్కినా, చుట్టాల జీపెక్కినా ఎదర రోడ్డు చూస్తూ కూర్చునేవాడే గానీ కళ్ళు మూసింది ఆమె ఎన్నడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చేతులు ఒళ్ళో వదులుగా పడున్నాయి.

వెనకనుంచి మంగాయమ్మ మెల్లగా అంది. "లేపకు."

ఉషారాణి వేగం కొద్దిగా తగ్గించింది.